కాదనని తలుపు

కృత్తిక కార్తె, మూడో రోజు

సందర్శన నర్సు సుగుణ, నాలుగో సొరంగం. రోజూ పని ముగిశాక ఈ నమోదు రాసి పైకి పంపాలని శిశు విభాగం నియమం. పైన దీన్ని ఎవరు చదువుతారో, అసలు చదువుతారో లేదో నాకు తెలియదు. మొన్నటి నమోదుకు మాత్రం ఒక జవాబు వచ్చింది. "భాషలో తీవ్రత తగ్గించగలరు" అని. తగ్గించలేను. చదవడానికి ఇబ్బందిగా ఉంటే మీరే కిందికి దిగి రండి, నోటితో చెబుతాను.

ఈరోజు గోడలోని మాటల పెట్టె గోడమ్మ ఇచ్చిన జాబితాలో మొదటి ఇల్లు మంజులది. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. బిడ్డ పాలు తాగడం లేదు, చిక్కిపోతున్నాడు, వెంటనే వెళ్లాలి అని ఆదేశం. ఎండ ఎరగని పిల్లలకు పట్టే ఎండదీపం ఒక భుజానికి, తూకపు ఉయ్యాల ఇంకో భుజానికి తగిలించుకుని, గాలి మర సరిగా తిరగని ఆ మలుపులో చెమటలు కక్కుకుంటూ పరుగెత్తాను. తీరా చూస్తే మంజుల కొడుకు గుమ్మడికాయలా ఉన్నాడు. ఉయ్యాలలో వేస్తే తాడు కిర్రుమంది.

"ఏందే ఇది? తాగుతలేడని చెప్పినవట."

"అవునక్కా, అస్సలు తాగుతలేడు," అంది మంజుల. వాడు రొమ్ము వదలకుండా గుటకలు వేస్తూనే ఉన్నాడు.

"మరి ఈ బుగ్గలు యాడికెల్లి వచ్చినయి?"

"అట్లనకక్కా, దిష్టి తాకుతది," అని వాడి చెంప మీది కాటుక చుక్కను ఇంకాస్త పెద్దది చేసింది.

ఇలాంటి ఇళ్లకు తిరగడమే ఇప్పుడు నా ఉద్యోగం. పైన ఎండకు మనిషి నిలవలేని కాలం వచ్చాక, స్తోమత ఉన్నవాళ్లు చల్లటి మేడల్లోకి వెళ్లారు, మమ్మల్ని బొగ్గు అయిపోయిన గనిలో నింపారు. పోనీ అనుకున్నాం. అప్పట్లో కడుపుతో ఉన్న ప్రతి పిల్ల ఇంటికీ నేను వెళ్లేదాన్ని. బిడ్డకు రెండేళ్లు నిండేదాకా నా కాలు ఆ గడపలో ఉండేది. మొన్న ఉగాది నుంచి ప్రతి ఇంటి గోడలో ఒక మాటల పెట్టె బిగించారు. ఆడవాళ్లు దానికి గోడమ్మ అని పేరు పెట్టారు. అది పొద్దున్నే తల్లిని పలకరించి బిడ్డ ఎలా ఉందని అడుగుతుంది. పగలంతా ఇంట్లో మాటలు వింటుంది. బాగాలేదంటే తలుపు మీద ఎర్రదీపం, బాగుందంటే ఆకుపచ్చ దీపం. ఎర్రదీపం ఉన్న తలుపే నా మణికట్టు మీది చేతికట్టుకు తెరుచుకుంటుంది, ఆకుపచ్చ ఇళ్లకు వెళ్లే అనుమతి నాకు లేదు. సొరంగం మొదట్లో పెద్ద అక్షరాలతో రాయించారు కూడా: "అడగందే అమ్మయినా పెట్టదు. గోడమ్మను అడగండి." పాలు తాగే పసిగుడ్డు ఏ నోటితో అడుగుతుందో రాయించినవాళ్లకే తెలియాలి.

తిరిగి వస్తూ రవళి తలుపు ముందు ఆగాను. ఆకుపచ్చ దీపం. రవళి అనాథల హాస్టల్లో పెరిగిన పిల్ల, తొలిచూలు. మొగుడు పైన ఎండపలకలు తుడిచే పనిలో ఉన్నాడు, వానలు పడ్డాకే దిగివస్తాడు. కడుపుతో ఉన్నప్పుడు ఉగాది దాకా నేనే చూశాను. భరణి కార్తె చివర్లో ఆడపిల్ల పుట్టింది. పుట్టాక నేను చూడనే లేదు. సొరంగం కొసన స్వరూప ఇంటికీ ఆకుపచ్చ దీపమే. ఆమె వేరే గని నుంచి వచ్చింది, ఇక్కడ ఒకరితో ఒక మాట లేదు, నెలల కొడుకు. అక్కడిదాకా వెళ్లి, కాళ్లీడ్చుకుంటూ వెనక్కి వచ్చాను.

కృత్తిక కార్తె, ఏడో రోజు

విద్యాధర్ సార్ తెర మీదికి వచ్చాడు. విభాగంలో మా పై అధికారి. ఎప్పుడూ గొంతు పెంచడు. మేము ఉడికిపోతున్న ఈ రోజుల్లో ఆయన గది ఎంత చల్లగా ఉంటుందంటే, శాలువా కప్పుకుని మాట్లాడతాడు.

"సుగుణ గారూ, శుభవార్త. మీరు వెళ్లిన ఎర్రదీపం ఇళ్లల్లో పిల్లలందరూ బ్రహ్మాండంగా కోలుకున్నారు. ఒకట్రెండు సందర్శనలకే. ఆకుపచ్చ ఇళ్లకు ఎలాగూ అవసరం లేదు. అంటే నలుగురు నర్సుల పనికి ఒకరు సరిపోతారని తేలింది."

"వాళ్లు కోలుకోవడమేంటి సార్? మొదటి నుంచీ దిట్టంగానే ఉన్నారు."

"మరి తల్లులు బాగాలేదని ఎందుకు చెబుతారండీ? వాళ్లకేం లాభం?"

తల్లులు అబద్ధాలు చెబుతున్నారని నా నోటితో అంటే రేపు వాళ్లకే ఏదో శిక్ష వేస్తారు. నేను తడుముకుంటుంటే ఆయన నవ్వి, "ఇంటింటికీ వెళ్లి కబుర్లు చెప్పే రోజులు పోయాయండీ," అన్నాడు.

కబుర్లట. అవును, కబుర్లే చెప్పాను. కింద చాప మీద కూర్చుని, ఇచ్చిన టీ తాగి, బిడ్డను ఒళ్లో వేసుకుని కబుర్లు చెప్పాను. ఆ కబుర్ల మధ్యలోనే ఒక పిల్ల భుజం మీది కొంగు తీసి మొగుడు కొట్టిన దెబ్బ చూపించింది. ఇంకో పిల్ల, బిడ్డను చూస్తే తనకు ఏమీ అనిపించడం లేదని, ఎవరికీ చెప్పలేనిది నాకు చెప్పి ఏడ్చింది. ఎండ ఎరగక కాళ్లు వంకరపోతున్న పిల్లల్ని ఎండదీపం కింద పడుకోబెట్టి, నిలబెట్టి, నడిపించాం. వాళ్లిప్పుడు ఈ సొరంగంలో నా కాళ్లకు అడ్డం పడుతూ పరుగులు తీస్తున్నారు. మీ శాలువా మీద ఒట్టు సార్, అవన్నీ కబుర్లే.

కృత్తిక కార్తె, పదో రోజు

ఈరోజు నా నోరే నా కొంప ముంచింది.

రవళి తలుపు ముందు నుంచి పోతుంటే లోపల బిడ్డ ఏడుపు వినిపించింది. ఏడుపు అనకూడదు దాన్ని. పిల్లి కూనలా సన్నగా, మధ్యలోనే ఆగిపోయే మూలుగు. తలుపు కొట్టాను. రవళి అత్త రాజవ్వ లోపలి నుంచే పలికింది.

"ఎవలు?"

"నేనవ్వా, సుగుణను. జెర తలుపు తియ్యి, బిడ్డను ఒక్కసారి చూసి పోత."

"నువ్వెందుకే చూసుడు? గోడమ్మకు చెప్పినం, మంచిగున్నది. దీపం చూస్తలేవా?"

"ఏడుపు మంచిగ లేదవ్వా. రవళికి నీళ్లు తాపుతున్నవా?"

"బాలెంతకు నీళ్లు ఎక్కువ తాపితే ఒళ్లు నీరు పడుతది. పత్తెం నడుస్తున్నది. పత్తెం సంగతి నాకు చెప్పకు."

కృత్తిక ఎండకు గోడలే చెమ్మగిల్లుతున్నాయి, బాలింతకు గుక్కెడు నీళ్లు లెక్కపెట్టి పోస్తున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమంటున్నానో చూసుకోలేదు.

"గిట్లనే మూర్ఖంగ ఉండు. నీ మనవరాలు నీ చేతులనే చచ్చిపోతది."

లోపల రాజవ్వ తూ తూ అని ఉమ్మిన చప్పుడు. "నీ నోట్ల మన్ను వడ. బాలెంత ఇంటి ముంగట నిలవడి చావు మాట అంటవా? తథాస్తు దేవతలు తిరిగే యాళ్ల. మల్ల ఈ తలుపు కాడికి వస్తే బాగుండదు చెప్తున్న."

ఆ మాట అనకూడదని నాకు తెలియదా? నేను పుట్టింది ఇక్కడే. తెలిసీ అన్నాను. ఇక ఆ తలుపు నాకు తెరుచుకోదు.

రోహిణి కార్తె, మొదటి రోజు

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. పైన పగిలే రోళ్లు కూడా మిగలలేదు. కింద గాలి మరలు రోజంతా రొద పెడుతున్నాయి. ఆ రొద వల్లే పిల్లల ఏడుపు గోడమ్మకు సరిగా వినబడదని, మాటల్ని మాత్రమే నమ్మమని దానికి నేర్పారు. బాలింతల గదుల్లో కెమెరాలు వద్దని ఆడవాళ్లంతా గట్టిగా పట్టుబట్టారు, అది న్యాయమే. కాబట్టి గోడమ్మకు ఉన్నదల్లా మనుషుల మాటలే.

పొద్దున మళ్లీ మంజుల ఇంటికే పంపారు. నేనక్కడ ఉండగానే గోడమ్మ పలికింది. వార్తలు చదివే అమ్మాయి గొంతు దానిది.

"శుభోదయం మంజుల గారూ. పాపాయి ఎలా ఉన్నారు?"

మంజుల పాలతో తడిసిన రవిక సర్దుకుంటూ, "ఏం బాగు? ఒళ్లు పడుతలేడు. పాలే వస్తలేవు నాకు," అంది.

నాకు నవ్వు వచ్చింది. సగంలోనే ఆగిపోయింది.

మా అమ్మ గుర్తొచ్చింది. నేను కంచం ఖాళీ చేసి మళ్లీ వడ్డించమంటుంటే, వచ్చిన చుట్టంతో "ఇది మెతుకు ముట్టది" అని చెప్పేది. మా తమ్ముడు జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడి ఉన్నప్పుడు, పక్కింటామె అడిగితే "మంచిగున్నడు" అంది. బాగున్న బిడ్డను బాగుందంటే దిష్టి. బాగాలేని బిడ్డను బాగాలేదంటే పైన తిరిగే తథాస్తు దేవతలు అలాగే కానిమ్మంటారు. అందుకని మంచిని చెడని, చెడును మంచని చెబుతారు. ఇది కింద అందరికీ తెలుసు. ఎంత తెలుసంటే, ఎవరూ ఎప్పుడూ పైకి అనరు. నేను ఇళ్లల్లోకి వెళ్లినప్పుడు తల్లి ఏం చెప్పిందో పట్టించుకోలేదు. పొయ్యి చూశాను, బిడ్డ నోరు చూశాను, తల్లి ముఖం చూశాను. గోడమ్మకు చెవులు తప్ప ఏమీ లేవు, పాపం అది విన్నది విన్నట్టు నమ్మింది.

దాన్ని తయారు చేసినవాళ్లకూ అమ్మమ్మలు ఉండే ఉంటారు. ఒక్కడంటే ఒక్కడు ఇంటికెళ్లి అడగలేదు.

ఎర్రదీపం ఇళ్లల్లో చాలావాటికి నేను అక్కర్లేదు. ఆకుపచ్చ దీపం ఇళ్లల్లో కొన్నింటికి నేను ఎప్పుడో వెళ్లి ఉండాల్సింది. వెంటనే విద్యాధర్ సార్‌కు చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఆసక్తికరంగా ఉందండీ. ఆధారం పంపండి. ఆకుపచ్చ ఇళ్ల పిల్లల తూకాలు తీసి పంపితే పరిశీలిస్తాం."

"అయితే ఆ ఇళ్లకు అనుమతి ఇవ్వండి సార్."

"ఆకుపచ్చ ఇళ్లకు అనుమతి ఉండదు కదండీ. ఆధారం ఉంటే తప్ప."

పుండు ఒకచోట, మందు ఒకచోట అంటే విన్నాను. ఇక్కడ పుండు చూడ్డానికే మందు పనిచేసినట్టు రుజువు చూపాలట.

రోహిణి కార్తె, మూడో రోజు

రాత్రంతా ఆ మూలుగే చెవుల్లో తిరిగింది. రవళి ఇంటి దీపం ఎర్రబడాలంటే ఇంట్లో ఎవరో ఒకరు గోడమ్మ వినేలా బిడ్డ బాగాలేదని అనాలి. రవళి అనదు, అత్త ముందు ఆ పిల్ల నోరు లేవదు. రాజవ్వ చచ్చినా అనదు. చావు మాట అని ఆ తలుపు మూయించుకున్నది నేనే. అయితే మూయించిన మాటకు ఎదురు మాట ఏంటని ఆలోచించాను.

పొద్దున్నే వెళ్లి ఆ తలుపుకు ఎదురుగా, సొరంగం మధ్యలో నిలబడ్డాను. గట్టిగా, పది ఇళ్లకు వినబడేటట్టు మొదలుపెట్టాను.

"రవళీ, నీ బిడ్డ ఎంత ముద్దుగున్నదే. సొరంగమంత అదే ముచ్చట. బుగ్గలు బూరెలంట గదా."

ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. బాలింత ఇంటి ముందు నిలబడి బిడ్డను ఇలా పొగడటమంటే వాకిట్లో నిప్పులు పోసినట్టే. మంజుల పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నీకేమన్న మతి పోయిందా అక్కా?"

"విడువు," అన్నాను. మళ్లీ అందుకున్నాను. "ఇంత లావు పొల్లను నేనెన్నడు చూడలె. తొడలు చూడు, ఏనుగు పిల్ల తొడలు. పాలు తాగుడే తాగుడంట, కడుపు డోలు లెక్క ఉన్నదంట. ఇసొంటి నిండు బిడ్డ ఈ నాలుగు సొరంగాలల్ల లేదు. రాజవ్వ ఎంత అదృష్టమంతురాలు."

ఎముకల గూడులా ఉంటుందని తెలిసిన బిడ్డ గురించి ఈ మాటలు అన్నాను. నన్ను ఈ గతికి తెచ్చినవాళ్లందరినీ కడుపులో తిట్టుకుంటూ, పైకి పొగిడాను. ఆపకుండా పొగిడాను. మాటలు అయిపోతే మొదటి నుంచి అందుకున్నాను.

చివరికి రాజవ్వ తట్టుకోలేకపోయింది. తలుపు అవతలి నుంచి ఆమె అరుపు సొరంగమంతా మోగింది.

"నీ కండ్లల్ల కారం గొట్ట. ఏడున్నదే లావు? పిట్ట లెక్క ఉన్నది నా మనవరాలు. మూడొద్దుల సంది పాలు వడుతలేదు. ఉచ్చ గూడ పోస్తలేదు. ఎత్తుకుంటే చేతులకు ఏం ఆనుతలేదు. సాలునా? నీ కండ్లు సల్లవడ్డయా?"

ఆమె మాట ముగియకముందే తలుపు మీద దీపం ఎర్రగా మారింది. నా చేతికట్టు గుయ్యిమంది. తలుపు జరిగింది.

రాజవ్వ గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని దిష్టి తీయడానికి సిద్ధంగా నిలబడి ఉంది. తెరుచుకున్న తలుపును, ఎర్రదీపాన్ని, నన్ను మార్చి మార్చి చూసింది. ఆమెకు అప్పుడు అర్థమైంది. చెయ్యి దించేసి, పక్కకు జరిగింది. నేను ఆమెను దాటుకుని లోపలికి వెళ్లాను.

బిడ్డ మాడు గుంటపడి ఉంది. నోరు ఎండిపోయింది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే అలాగే నిలబడిపోయింది. రవళి పెదవులు పగిలి ఉన్నాయి. నన్ను చూడగానే బిడ్డను నా చేతుల్లో పెట్టేసింది. ముందు ఎవరి పాలైనా కావాలి. మంజులను కేకేస్తే, కొడుకును ఎవరి చేతిలోనో పడేసి వచ్చింది. ఉగ్గుగిన్నెలోకి పాలు పిండుతూ, "పాలు వస్తలేవని రోజు దానికి చెప్తున్న గని, నాకేం తక్కువక్కా," అంది. చుక్కచుక్కగా పోశాం. మొదట పెదవుల పక్కనుంచి కారిపోయాయి. చాలాసేపటికి బిడ్డ గొంతు కదిలింది.

రవళికి నీళ్ల విషయంలో మాత్రం నేను రాజవ్వతో పోట్లాడలేదు. వాము వేసి కాచిన నీళ్లు మందు కింద లెక్క, పథ్యానికి అడ్డం రావు. పెద్ద గిన్నె నిండా కాయించమన్నాను.

"అంత మందా?" అంది రాజవ్వ.

"జబ్బు అంత ఉన్నదవ్వా," అన్నాను.

రోహిణి కార్తె, ఐదో రోజు

బిడ్డ నా ఒళ్లో ఉచ్చ పోసింది. చీర తడిసి కాళ్ల దాకా కారింది. రవళి మొదటిసారి నవ్వింది, రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈ వారంలో నాకు జరిగిన మంచి ఇదొక్కటే. ఇది కూడా విభాగం ఖాతాలోకి పోయింది. పైనుంచి ఇలా వచ్చింది: "నాలుగో సొరంగంలో ప్రాణాపాయంలో ఉన్న శిశువును గోడమ్మ సకాలంలో గుర్తించింది. అభినందనలు. ఇది విజయగాథగా ప్రచురించబడుతుంది."

కింద ఇంకో వాక్యం. గోడమ్మ పనితీరు నిరూపణ అయినందున ఆరుద్ర కార్తె నుంచి నాలుగు సొరంగాలకూ ఒకే నర్సు.

సకాలంలో గుర్తించిందట. రోహిణి ఉక్కలో సొరంగం మధ్య నిలబడి పిచ్చిదానిలా అరిచింది నేను. ఈ నమోదులో తీవ్రత ఉంటే ఉండనివ్వండి.

రోహిణి కార్తె, పదకొండో రోజు

రవళి బిడ్డకు పేరు పెట్టారు. ఇరవై ఒకటో రోజున పెట్టాల్సింది, అప్పుడు ఎవరికీ ఆ ధ్యాస లేదు. రవళి ఏదో అందమైన పేరు అనుకుంది. రాజవ్వ ఒప్పుకోలేదు. చావు దాకా వెళ్లొచ్చిన బిడ్డకు అందమైన పేరు పెడితే మళ్లీ ఎవరి కన్నో పడుతుందని, చేటలో పడుకోబెట్టి, బూడిద కుప్ప మీద ఆనించి, పెంటమ్మ అని పిలిచింది. రవళి మూతి ముడుచుకుంటే, "పదేండ్లు నిండినంక నీకు నచ్చిన పేరు పెట్టుకో, అప్పటిదాంక ఇది పెంటమ్మనే," అంది.

అందరూ వెళ్లాక నన్ను కూర్చోబెట్టుకుంది.

"సుగుణా, నేను దానికి మంచిగున్నదని చెప్పుడు వట్టిగనే పాయె. అందరు గట్లనే చెప్తున్నరా?"

"అందరు గట్లనే చెప్తరవ్వా. నీకు తెల్వదా?"

"మరి మీదోళ్లకు చెప్పకపోయినవా?"

"చెప్పిన. ఆధారం తెమ్మన్నరు."

రాజవ్వ లేస్తూ, "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. చూద్దాం," అంది. ఏం చూస్తుందో చెప్పలేదు.

మృగశిర కార్తె, మొదటి రోజు

పైన వాన మొదలైందని చెప్పారు. కింద వాన చప్పుడు వినబడదు. ఈ పొద్దున ఇంకో చప్పుడు వినబడింది.

రాజవ్వ, ఆమె వయసు ముసలమ్మలు ఇంకొందరు, కొంగులు నడుముకు దోపి ఆకుపచ్చ దీపం ఉన్న ప్రతి తలుపు ముందూ ఆగి పొగడటం మొదలుపెట్టారు. సొరంగం ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఒకటే పొగడ్తలు. "ఏందమ్మా నీ కొడుకు, బియ్యం బస్త లెక్కున్నడు." "నీ బిడ్డ నవ్వితె దీపాలు అక్కర లేదంట." లోపల నుంచి తల్లులు, అత్తలు, కడుపు మండి అరుస్తున్నారు. ఏడ లావు, ఏం నవ్వు, పొద్దటి సంది కక్కుతనే ఉన్నది, కాళ్లు వంకర వోతున్నయి, నడుస్తలేడు. దీపాలు ఒకదాని వెంట ఒకటి ఎర్రబడుతుంటే, నా చేతికట్టు ఆగకుండా గుయ్యిమంటూనే ఉంది.

విద్యాధర్ సార్ తెర మీదికి వచ్చాడు. శాలువా భుజం మీది నుంచి జారిపోయి ఉంది.

"సుగుణ గారూ, నాలుగో సొరంగమంతా ఎర్రబడుతోంది. గోడమ్మ చెడిపోయిందా?"

"లేదు సార్. ఇవాళే బాగా పనిచేస్తోంది."

ఆయన ఇంకేదో అంటుండగానే తెర మూసేసి ఇళ్లల్లోకి వెళ్లాను. కొన్ని ఇళ్లల్లో బిడ్డలు నిజంగానే దిట్టంగా ఉన్నారు, తల్లులు నన్ను తిట్టారు, నవ్వి వచ్చేశాను. కొన్ని ఇళ్లల్లో నవ్వడానికి ఏమీ లేదు. ఎండదీపం ఒకటి చాలక, మిగతా సొరంగాల నర్సుల దగ్గర అరువు తెచ్చాను. ఒక ఇంట్లో తల్లి నన్ను చూడగానే తలుపు దగ్గరే కూలబడి, ఎన్నాళ్లకొచ్చినవక్కా అని ఏడ్చింది.

అంతలో రాజవ్వ వచ్చింది. నడకలో అంత హుషారు లేదు.

"బిడ్డా, కొస ఇంటి కాడ ఎంత పొగిడినా ఎవలు కాదంటలేరు."

స్వరూప ఇల్లు. రవళి బిడ్డ వెంట తిరిగిన ఇన్ని రోజుల్లో ఆ కొస దాకా నేను వెళ్లలేదు.

ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. తలుపుకు నోరు ఆనించి నేను కూడా పొగిడాను. "స్వరూపా, నీ కొడుకు బంగారు తునకంట గదా. మీద పడి ఆడుకుంటున్నడంట గదా." గాలి మరల రొద తప్ప ఏమీ లేదు. ఇంకా గట్టిగా అన్నాను. "నిండుగ ఉన్నడంట గదా. చెప్పు, కాదని చెప్పు స్వరూపా."

లోపల నుంచి మెల్లగా ఒక గొంతు వచ్చింది.

"అవునక్కా. మంచిగనే ఉండె."

నా చేతికట్టుకు తలుపు తెరుచుకోలేదు. లోపలి నుంచి ఆమె తీయలేదు. మగవాళ్లు గునపాలు తెచ్చి పగలగొట్టారు.

స్వరూప గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పిల్లవాడు ఒళ్లో ఉన్నాడు. స్నానం చేయించి, తల దువ్వి, ఉతికిన బట్టలో చుట్టింది. చెంప మీద కాటుక చుక్క దిద్ది ఉంది. నేను వాడి ఒంటి మీద చెయ్యి వేశాను. ముందు రోజే పోయి ఉంటాడు. నా వెనక రాజవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు గోడమ్మ పలికింది. పొద్దున స్వరూప జవాబివ్వలేదేమో, అదే పలకరింపు మళ్లీ.

"శుభోదయం స్వరూప గారూ. పాపాయి ఎలా ఉన్నారు?"

స్వరూప వాడి నుదుటి మీది జుట్టు పక్కకు సర్దింది.

"మంచిగున్నడు," అంది.

"చాలా సంతోషం," అంది గోడమ్మ.

ఈ నమోదుకు భాష తగ్గించమని జవాబు రాయకండి. దిగి రండి. వానలు మొదలయ్యాయి కదా, దారిలో ఎండ కూడా ఉండదు. నాలుగో సొరంగం, కొస ఇల్లు. గుర్తుపట్టడం కష్టం కాదు. సొరంగమంతా ఎర్రదీపాలే, ఆ ఒక్క తలుపు మీద మాత్రం దీపం ఇంకా ఆకుపచ్చగానే వెలుగుతోంది. తలుపు విరిగినా దీపం ఆరలేదు. మీరు వచ్చి చూసేదాకా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వను.